ఛాయాచిత్రకారిణి జూలియా మార్గరెట్ కామెరాన్

1863వ సంవత్సరము క్రిస్మసు పండుగనాటి మాట. ఇంగ్లండు దక్షిణతీరమున కెదురుగా వైటు దీవి యని యొక చిన్న దీవి కలదు. అందు ఫ్రెష్‌వాటరు అను గ్రామమున కాపురమున్న ఒక గృహిణికి ఆమె కూతురును అల్లుడును ఒక కెమెరాను బహుమానముగా నిచ్చిరి. అప్పుడు ఆమె భర్త కాఫీతోటల వ్యవహారములు చక్కబెట్టుటకై సింహళమునకు పోయియుండెను. ఒంటిగా నున్న తల్లికి ప్రొద్దుపోవుటకు ఇది పనికివచ్చునని పిల్లల తలంపు. ఆమెకు అప్పటికి 48 ఏండ్లు. ఆ వయస్సున మన ఇండ్లలో స్త్రీలు మనుమలను ఎత్తుకొని, ఇక మాకేమి చదువులు, మాకేమి విద్యలు అని అనుకొందురు. ఈమె మాత్రము ఆ పెట్టెను ప్రొద్దుపోకకు వాడలేదు. పండ్రెండు, పదమూడేండ్లలో ఆమె తీసిన చిత్రములలో నేటికి లెక్కకు వచ్చినవి 1,200కు పైబడి యున్నవి. వాని క్రింద పేరు లేకున్నను, చూచిన తోడనే ఇవి ఈమె చిత్రములని చెప్పవచ్చును. ఆ గృహిణియే జూలియా మార్గరెట్ కామెరాన్.

ఆమె పుట్టినది మన దేశముననే. 1815వ సంవత్సరము జూను 11వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి జేమ్సు పాటిల్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. తల్లి ఫ్రెంచి వంశస్థురాలు. ఏడుగురు అక్కచెల్లెండ్రలో తక్కినవారు అందమునకు పేరుపడిరి. జూలియాను ఎవరును అందగత్తె యనలేదు. ఆమెను తెలివిగలది యనిరి. అందమునకై ఆమె జీవితమంతయు పడిన తపనకు ఇదియే మూలమని కొందరు వ్రాసిరి. నాకు ఆ మాట అంతగా రుచింపదు. అందమును వెదకుటకు అద్దములో లోపము కనబడవలసిన పని లేదు.

బాల్యము చాలవరకు ఫ్రాన్సులో అమ్మమ్మ యింట గడచెను. 1836 ప్రాంతమున ఆరోగ్యము కొరకు ఆఫ్రికా దక్షిణాగ్రమునందలి కేపు పట్టణమున నున్నపుడు ఆమెకు ఇద్దరు పరిచయమైరి. ఒకరు దక్షిణాకాశపు నక్షత్రములను లెక్కించుచుండిన ఖగోళశాస్త్రజ్ఞుడు సర్ జాన్ హెర్షెల్. రెండవవారు చార్లెసు హే కామెరాన్ అను న్యాయవేత్త. మెకాలేతో గూడి భారత శిక్షాస్మృతి ముసాయిదాను తయారుచేసిన సంఘమునందు ఈయన సభ్యుడు. 1860లో చట్టమై 2024వ సంవత్సరము వరకు మన దేశమున అమలులో నున్న శిక్షాస్మృతికి మొదటిరూపు అదియే. తనకంటె ఇరువదేండ్లు పెద్దవాడైన ఈ చార్లెసును జూలియా 1838లో కలకత్తాయందు వివాహమాడెను. పదేండ్ల పిమ్మట, 1848లో, కుటుంబము ఇంగ్లండునకు తరలిపోయెను. 1860లో వైటు దీవియందు మహాకవి టెనిసన్ ఇంటికి దగ్గరగా రెండిండ్లు కొని, వానిని ఒకటిగా కలిపి, సింహళములోని తమ తోట పేరు మీదుగా దానికి డింబోలా యని పేరు పెట్టిరి.

హెర్షెల్‌తో స్నేహము మాత్రము తెగిపోలేదు. ఛాయాచిత్రకళ 1839లో లోకమునకు వెల్లడియైనపుడు, చిత్రము వెలుతురుకు మరల నల్లబడకుండ హైపో అను ద్రావకముతో నిలుపవచ్చునని చూపినవారిలో ఆయన ముఖ్యుడు. నెగటివు, పాజిటివు అను పేర్లును ఆయన పెట్టినవే. కలకత్తాలో నున్న జూలియాకు ఈ వింతవిద్యను గూర్చి ఉత్తరములలో తెలిపినది ఆయనయే. కావున ఈ కళ సంగతి ఆమెకు చిరకాలముగా తెలియును. కాని కెమెరా పట్టుటలో మాత్రము 1863 నాటికి ఆమెకు ఓనమాలు రావు.

విద్యార్థులారా, నేడు మీ అన్నలు చేతిఫోనును తీసి వ్రేలితో తాకినంతనే బొమ్మ వచ్చుచున్నది. నాటి పద్ధతి ఎట్టిదో కొంచెము తెలిసికొననిచో ఆమె చేసినపని యెంతటిదో బోధపడదు. పెద్ద గాజుపలకను మచ్చలేకుండ తుడిచి, దానిపై కొలోడియను అను జిగట ద్రవమును సమానముగా పారించి, చీకటిగదిలో సిల్వర్ నైట్రేటు ద్రావణమున ముంచవలెను. తడి యారకముందే దానిని కెమెరాలో నుంచి చిత్రము తీయవలెను. తడి యారకముందే మరల చీకటిగదికి పరుగెత్తి మందుపోసి బొమ్మను తేల్చవలెను. పిమ్మట దానిని నిలిపి, పలుమారులు నీటితో కడిగి, ఆరబెట్టి, వార్నీషు పూయవలెను. ఇదంతయు నెగటివు మాత్రమే. కాగితముపై బొమ్మ రావలెనన్నచో గ్రుడ్డులోని తెల్లసొన పూసిన కాగితమును సిల్వర్ నైట్రేటుతో తడిపి, గాజుపలక క్రింద నుంచి ఎండలో పెట్టవలెను. నడుమ ఒక ధూళికణము పడినను, వ్రేలు తగిలినను, ఆ గుర్తు శాశ్వతముగా నిలిచిపోవును.

ఈ పనికై ఆమె బొగ్గుల కొట్టును చీకటిగదిగా మార్చెను. కోళ్ల కొట్టమునకు గాజు పలకలుండెను; కోళ్లను వెడలగొట్టి దానిని చిత్రశాలగా చేసికొనెను. చేతులును బట్టలును మందులతో నల్లబడెను. చిత్రమును నిలుపుటకు ఆమె వాడుచుండిన పొటాసియం సయనైడు ప్రాణాంతకమైన విషమనియు, దానిని చేతులపై పారనీయరాదనియు హెర్షెల్ భయపడి ఆమెను హెచ్చరించెను. ఇంటికి వచ్చిన అతిథి గాని, వీథిని పోవు బాటసారి గాని, పాలుతెచ్చు పిల్ల గాని, ముఖము నచ్చినచో ఆమె చేత చిక్కినట్లే. చిత్రము పడుటకు మూడు నిమిషములు మొదలు ఏడు నిమిషముల వరకు కదలక కూర్చుండవలెను. పిల్లలు ఆమె పిలుపు విన్నచో పారిపోవుచుండిరట.

మొట్టమొదట గ్రామములోని ఒక రైతును కూర్చుండబెట్టి చిత్రము తీసి, తడి పలకపై చేయి రాచి తానే చెరిపివేసెను. పలకలు పగిలెను, మసకలు వచ్చెను, మరకలు పడెను. 1864 జనవరిలో ఆనీ అను చిన్నబాలికను కూర్చుండబెట్టినపుడు మాత్రము పలక చక్కగా తేలెను. ఆ దినముననే దానిని కాగితముపై అచ్చొత్తి, చట్రము కట్టి, బాలిక తండ్రికి ఇచ్చివేసెను. ఆ చిత్రము క్రింద ఇది తన మొదటి విజయమని స్వయముగా వ్రాసికొనెను. ఆ సంతోషము పట్టలేక ఆ పిల్లకు బహుమతి నిచ్చుటకై ఇల్లంతయు వెదకెనట. చిత్రమంతయు ఆ పిల్లయే చేసినట్లు ఆమెకు తోచినది. ఆనీ బొమ్మను చూడుడు: ఒక ప్రక్కకు తిరిగిన ముఖము, చెదరిన జుట్టు, పెద్ద గుండీల కోటు. ఎక్కడను అలంకారము లేదు. వెనుకనుండు గోడలేదు, బల్లలేదు, పూలకుండి లేదు.

ఇక ఆమె పద్ధతి యెట్లు ఏర్పడినదో చెప్పవలెను. కటకమును ముందునకు వెనుకకు జరుపుచు బొమ్మను స్ఫుటము చేయుటను ఫోకసు చేయుట యందురు. నాటి చిత్రకారులందరును కనురెప్పల వెండ్రుకలు లెక్కకు వచ్చువరకు జరుపుదురు. ఈమె జరుపుచు జరుపుచు, తన కంటికి అందముగా తోచిన చోట ఆగిపోయెడిది. అందువలన ముఖము అంచులు మెత్తబడి, చీకటిలో కరగుచున్నట్లుండును. ఇది కొంతవరకు ఆమె తొలి కటకపు గుణము. కాని 1866లో 15 అంగుళములకు 12 అంగుళముల పలకలు పట్టు పెద్ద కెమెరాయు, అంతకంటె మేలైన కటకమును కొన్న తరువాతను ఆమె ఆ మెత్తదనమును విడువలేదు. కనుక మొదట పరికరము ఇచ్చినది, తరువాత ఆమె కోరి ఉంచుకొన్నది. వెలుతురును ఒక ప్రక్కనుండియే రానిచ్చి, తక్కిన కిటికీలకు తెరలు వేసి, కూర్చున్నవారి కోటులు, కంఠపట్టీలు కనబడకుండ నల్లని మఖమలు చుట్టి, ముఖమును కెమెరాకు మిక్కిలి దగ్గరగా తెచ్చి తీసెడిది. నాడు ఫోటోలన్నచో స్తంభముపై చేయి వేసి నిలుచుండిన నిలువెత్తు బొమ్మలు. చీటీయంత కాగితముపై అచ్చువేసి డజన్ల కొలది పంచుకొనుచుండిరి. వాని నడుమ ఈ నిజప్రమాణపు శిరస్సులు ఎట్లు కనబడియుండునో ఊహింపుడు.

నిపుణులు మండిపడిరి. ఆమె 1864లో లండను ఛాయాచిత్ర సంఘమున చేరి తన చిత్రములను ప్రదర్శించెను. సంఘపు పత్రికలోని విమర్శకులు ఆమె భావమును కొంత మెచ్చుచునే, పనితనమును దూషించిరి. మసకలు, మరకలు, పలకపై చీలికలు, వ్రేలిముద్రలు చూపి, ఇది చేతగానితనమే గాని కళ కాదనిరి. చిత్రకళాకారులు వేరొక విధముగా చూచిరి. ఆమెకు గురుస్థానమున నుండిన చిత్రకారుడు వాట్సు, వ్రేలిగుర్తులు స్పష్టముగా కనబడుచున్న ఒక చిత్రము క్రింద తన మెప్పును స్వహస్తముతో వ్రాసెను. బెర్లిను ప్రదర్శనమున 1865లో కంచు పతకమును, మరుసటి యేట బంగారు పతకమును వచ్చెను. లండనులోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియము 1865లోనే ఆమె చిత్రములను కొని, 1868లో రెండు గదులను ఆమెకు చిత్రశాలగా నిచ్చెను. నేడు విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమని పిలువబడుచున్నది అదియే.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఆమె లోపములన్నియు కోరి చేసినవేనా? కావు. ఆమెను మిక్కిలి పొగడువారు ఈ మాటను దాటవేయుదురు. 1869 ప్రాంతమున ఆమె నెగటివులపై వార్నీషు పొర వలవలె చిట్లి అమూల్యమైన పలకలు పాడయ్యెను. అప్పుడు ఆమె దానిని కళయని సమర్థించుకొనలేదు. ఆ సంఘపు నిపుణులనే కారణమడిగెను. పాడైన ప్రతులు కొన్నింటిని వాట్సునకు పంపి సలహా కోరెను. కాని చీలిన పలకలోని ముఖము సజీవముగా నున్నచో దానిని పారవేయక అచ్చొత్తెడిది. మరక లేని ప్రతికై ముఖములోని జీవమును వదలుకొనుట ఆమె కిష్టము లేదు. మెత్తని ఫోకసు ఆమె ఎన్నుకొన్నది. మరక ఆమె ఓర్చుకొన్నది. చిట్లిన వార్నీషు ఆమెను ఏడిపించినది. ఈ మూడును ఒకటి కావు.

తెలుగు ఉపాధ్యాయునకు ఈ విషయము నిత్యము ఎదురగుచుండును. మీ వ్యాసములను దిద్దునపుడు వత్తు తప్పినచో ఎఱ్ఱసిరాతో గీత గీయుదును. అందు నాకు సందేహము లేదు. కాని పాఠ్యపుస్తకము చోటు అను తావున మీరు తావు అని వ్రాసినపుడు, మన ఇండ్లలో నూరేండ్లుగా వినబడుచున్న ఆ మాటపై కలము ఆగిపోవును. అది తప్పు కాదు, మంచి పాత తెలుగుమాట. నేను శిక్షణకై పొరుగు రాష్ట్రమునకు పోయినపుడు నా నోట అట్టి మాటలు విని తోటివారు నవ్వుచుండిరి. వానిలో కొన్నింటిని మార్చుకొంటిని, కొన్నింటిని మార్చుకొనలేదు.

మన కథకు వత్తము. చిత్రమును తీసిన పిమ్మట దిద్దుట అను విద్య నాడును ఉండెను. రేలాండర్ అను చిత్రకారుడు 1857లో ముప్పదికి పైగా నెగటివులను కలిపి ఒక్క చిత్రము చేసెను. రాబిన్సన్ అనునతడు 1858లో ఐదు నెగటివులను అతికి, మరణశయ్యపై నున్న కన్యను చూపెను. ముఖచిత్రములు తీయువారు నెగటివుపై పెన్సిలుతో ముడుతలను మచ్చలను మాయముచేయుచుండిరి. మన పట్టణములలోని స్టూడియోలలోను నిన్నమొన్నటి వరకు ఈ పని జరిగినది. పెండ్లిచూపుల ఫోటోలలో నల్లపిల్ల తెల్లబడుట మన పెద్దలకందరకు తెలిసిన వింతయే. నేడు చేతిఫోను అడుగకయే ఆ పని చేయుచున్నది. కామెరాన్ ముడుతలను చెరుపలేదు. తన చిత్రముల క్రింద ఇది జీవముగల మనిషినుండి తీసినదనియు, పెద్దదిగా చేసినది కాదనియు వ్రాసి సంతకము చేసెడిది. కాని దిద్దరాదని ఆమె ఎన్నడును నియమము పెట్టుకొనలేదు. రెండు నెగటివులను కలిపిన సందర్భములు కలవు. మేనకోడలు జూలియా జాక్సన్ చిత్రమొకదానిలో వెనుకనున్న చీకటిపై సూదివంటిదానితో ఒక బొమ్మను గీచెను. ఈ మేనకోడలే పిమ్మట నవలాకర్త్రి వర్జీనియా వుల్ఫునకు తల్లి అయినది. వుల్ఫు 1926లో తన పెదతాత వరుస అవ్వ చిత్రములను పుస్తకముగా వెలువరించెను.

పెద్దల చిత్రములలో ఒకటి మాత్రము చెప్పెదను. 1867లో ఆమె తన బరువైన సామగ్రినంతటిని తరలించుకొని కెంటు మండలములోని హెర్షెల్ ఇంటికి పోయెను. ఆయనకు అప్పుడు 75 ఏండ్లు. తలంటి పోయించి, ఆ తెల్లని జుట్టును ఎగురునట్లు చెదరగొట్టి, నల్లని బట్ట చుట్టి, ప్రక్కవెలుతురున కూర్చుండబెట్టెను. చిత్రములో కోటు లేదు, కుర్చీ లేదు, దూరదర్శిని లేదు. రాత్రియంతయు ఆకాశమును చూచి అలసిన రెండు కన్నులు, తలచుట్టు తెల్లని మంట వంటి జుట్టు. ముప్పదేండ్ల స్నేహము లేనిది అట్టి చిత్రము రాదు. డార్విను, కార్లైలు, టెనిసన్ చిత్రములును ప్రసిద్ధములే. 1868 వేసవిలో డార్విను కుటుంబము ఆమె యింటిలోనే అద్దెకుండెను.

అంతటి పెద్దలను ఎట్లు చూచెనో పనిపిల్లలనును అట్లే చూచెను. ఇంటి పనికత్తె మేరీ హిల్లియరు ఎన్నిమారులు క్రీస్తుతల్లిగా కూర్చుండెనో! ఊరివారు ఆమెను మడోనా మేరీ యనియే పిలువసాగిరి. మేరీ రయన్ అను మరియొక బాలిక బిచ్చమెత్తుకొను ఐరిషు తల్లి బిడ్డ. కామెరాన్ ఆమెను చేరదీసి చదువు చెప్పించెను. లండనులో జరిగిన ప్రదర్శనము మూలముగా ఆమెయందు మనసుపడిన హెన్రీ కాటన్ అను యువకుడు 1867లో ఆమెను వివాహమాడెను. ఇతడు మన తమిళనాడులోని కుంభకోణమున 1845లో జన్మించినవాడు. బెంగాలులో ఉన్నతోద్యోగములు చేసి, 1904లో బొంబాయి కాంగ్రెసు మహాసభకు అధ్యక్షుడైనవాడు. గోదావరికి ఆనకట్ట కట్టిన ఆర్థరు కాటన్ వేరు, ఈయన వేరు.

చిత్రములవలన ఆమెకు కీర్తి వచ్చెను గాని డబ్బు రాలేదు. ఐదువందలకు పైగా చిత్రములకు స్వామ్యహక్కును రిజిస్టరు చేయించెను, లండను దుకాణమున అమ్మకమునకు పెట్టెను. అయినను మందులకు, గాజుకు అయిన ఖర్చు మిక్కుటము. 1874లో టెనిసన్ ఆర్థరు రాజు కథాకావ్యమునకు చిత్రములు కావలెనని కోరెను. ఆమె ఇరుగుపొరుగువారికి, చుట్టములకు వేషములు వేసి రాజులను రాణులను చేసెను. మాంత్రికుడు మెర్లిను వేషము భర్తకు ఇచ్చినది. ముసలాయనకు నవ్వు ఆగక పలకలు చెడిపోయెనట. తీర పుస్తకమున ఆ చిత్రములు చిన్న కొయ్యచెక్కడములై వచ్చినవి. అది చూచి ఓర్వలేక సొంతఖర్చుతో, పెద్ద ఛాయాచిత్రములతోనే గ్రంథమును వెలువరించెను. అందులో ఆర్థరు రాజు పడవలో తుదిప్రయాణము చేయు చిత్రమొకటి కలదు. పడవ చిత్రశాలలోనిదే, చుట్టు నీరు పలుచని మస్లిను గుడ్డ. ఆకాశమున చంద్రుడు లేడు. ఆమె నెగటివుపై గీకి చంద్రుని పుట్టించెను. ఆ గీత దాగదు. దాచవలెనని ఆమె ప్రయత్నించినట్లును తోచదు. ఈ చిత్రమును నవ్వువారు నేటికిని కలరు. నాకైతే వీథినాటకములలో దుప్పటి ఊపి సముద్రమని చూపుట జ్ఞప్తికి వచ్చును.

సింహళములో కాఫీకి ఆకుతెగులు పట్టి తోటల రాబడి తగ్గినది. 1875లో దంపతులిద్దరును అక్కడికే తరలిపోయిరి. సామానుతోపాటు తమ ఇద్దరికి రెండు శవపేటికలను కూడ తీసికొనిపోయిరనియు, వానిలో పింగాణి సామాను సర్దిరనియు చెప్పుకొందురు. సింహళములో ఆమె తీసిన చిత్రములు మిక్కిలి తక్కువ. నేటికి మిగిలినవి ముప్పదికి లోపే. 1877లో మేరియన్ నార్తు అను చిత్రకారిణి కలుతర యందు ఆమె యింటికి వచ్చి కొన్నాళ్లుండెను. ఒక మనిషి వీపు అందముగా నున్నదని అతనిని తోటమాలిగా కుదుర్చుకొన్నదట మన కామెరాన్. నార్తును, ఊరి స్త్రీలను, తోటలలో పనిచేయువారిని ఆమె చిత్రించెను. మన దక్షిణదేశమునుండి ఓడలెక్కి పోయిన తమిళ కూలీలతో నిండియుండిన తోటలవి. ఆ ముఖములను గూడ ఆమె శ్రద్ధగానే చూచెను. వెలుతురు చక్కగానే పడినది. కాని హెర్షెల్ పేరు, ఆనీ పేరు, ఇంటి పనికత్తె మేరీ పేరు సైతము మనకు తెలియును; ఈ చిత్రములలోనివారి పేర్లు చాలవరకు తెలియవు.

1879 జనవరి 26వ తేదీన ఆమె సింహళములోని కొండతోటలలో కన్నుమూసెను. బోగవంతలావ అను చోట సెయింటు మేరీ చర్చి ఆవరణమున ఆమెను సమాధిచేసిరి. మరుసటి సంవత్సరము మే నెలలో భర్తయు ఆమె ప్రక్కనే చేరెను. కొద్ది యేండ్లలో ఆ కొండలపై కాఫీ మొక్కలు పూర్తిగా పోయి, వాని స్థానమున తేయాకు వచ్చెను.